కాపలా మనది, పెత్తనం వాళ్ళదా?

అడవిశాఖ వారి కాగితాల్లో "ప్రజల భాగస్వామ్యం" అనే మాట ఈ మధ్య తరచు కనిపిస్తున్నది. అడవి అంటే కలప ఒక్కటే కాదు, అడవి నీళ్ళను నిలుపుతుంది, మట్టిని కాపాడుతుంది, గాలిని శుభ్రం చేస్తుంది, వీటినే "పర్యావరణ సేవలు" అంటారు, ఇవి నిలబడాలంటే చుట్టుపక్కల జనాన్ని కలుపుకుపోవాలి అని రాస్తున్నారు. మాట మంచిదే. కాదనేవాడెవడూ లేడు. కానీ కూలి చేసుకొని బతికే మనం ఎంత మంచి మాట విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇందులో పని ఎవరిది? నిర్ణయం ఎవరిది? ఫలితం ఎవరిది?

పల్నాడుకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. నూరేళ్ళ కిందట ఈ ప్రశ్నలు అడిగినందుకే ఇక్కడ తుపాకులు పేలాయి.

అడవి ఎవరికి ఏమిస్తున్నది?

మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల వెంట ఉన్న గుట్టలన్నీ నల్లమల కొసలే. చంద్రవంక, నాగులేరు, గుండ్లకమ్మ వంటి ఏళ్ళకు ఈ కొండల వానే ఆధారం. గుట్ట మీద చెట్టూ గడ్డీ ఉంటే పడ్డ వాన మెల్లగా భూమిలోకి ఇంకుతుంది, కింద బావిలో నాలుగు రోజులు ఎక్కువ నీళ్ళుంటాయి. గుట్ట బోడిదైతే అదే వాన మట్టిని కోసుకొని ఒక్క పూటలో వాగున పడిపోతుంది. సాగర్ కుడికాలువ పారని మెట్ట ఊళ్ళలో ఈ తేడా చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మిరపచేనుకు చివరి తడి అందితే రైతుకు కాయ, మనకు కోతకూలి. అందకపోతే ఇద్దరికీ లేదు.

ఇక మన ఇంటి సంగతి. పత్తితీత, మిరపకోత అయిపోయాక ఎండాకాలం నెలల తరబడి పని దొరకదు. అప్పుడు పొయ్యికి పుల్ల, చీపురుపుల్ల, వానలు పడ్డాక సీతాఫలం, రెండు మేకలకు ఆకు – ఇవన్నీ గుట్ట మీదివే. కూలివాడికి మేకే పొదుపు. పిల్లకు జ్వరం వస్తే మేకను అమ్మి ఆసుపత్రికి పోతాం. చెంచులకైతే తేనె, జిగురు, గడ్డలు, అడవంతా ఇల్లే. తండాల్లోని లంబాడీలకు, మందలు తోలే గొల్లలకు అడవి లేకపోతే బతుకు లేదు.

ఈ మేలుకు ప్రభుత్వం వారు ఈ మధ్య వెల కూడా కట్టారు. పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, భోపాల్ లోని అటవీ యాజమాన్య సంస్థ కలిసి 2019లో దేశంలోని పది పులుల అభయారణ్యాల మీద ఒక లెక్క తేల్చాయి. అందులో మన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం కూడా ఉంది. ఈ అభయారణ్యాలు ఏటా వేల కోట్ల రూపాయల విలువైన మేలు చేస్తున్నాయని చెప్పారు. సంతోషం. అయితే ఆ అడవి అంచున కాపురముండి, నిప్పు అంటుకుంటే ఆకుమండలు పట్టుకొని ఆర్పడానికి పరుగెత్తే మనిషి వాటా ఎంత? అది మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

పుల్లరి నేర్పిన పాఠం

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతవరకు ఊరివాళ్ళు గొడ్లను తోలుకుపోయిన గుట్టలు, పుల్లలు ఏరుకున్న తోపులు "రిజర్వు" అయిపోయాయి. మేపుకోవాలంటే గొడ్డుకింత అని పుల్లరి కట్టాలి. కట్టకపోతే గొడ్లను బందెలదొడ్డిలో పెట్టేవారు. అడవిని కాపాడటానికే ఇదంతా అని దొరలు చెప్పారు. ఆ కాపాడిన అడవి నుంచే రైళ్ళకు కలప, ఖజానాకు డబ్బు పోయింది.

1921లో పల్నాడు ఎదురు తిరిగింది. పుల్లరి కట్టం అన్నారు. అనుమతి లేకుండా గొడ్లను అడవిలోకి తోలారు. ఉద్యోగులను సాంఘికంగా వెలివేశారు. వాళ్ళకు సరుకు అమ్మలేదు, చాకలి మంగలి పనులు చేయలేదు. పరిస్థితి చూడటానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని మాచర్లలో అరెస్టు చేశారు. కూలి జనం కథగా "మాలపల్లి" నవలను ఆయన రాసింది జైలులోనే. 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో కాంగ్రెసు నాయకత్వం సహాయ నిరాకరణను ఆపేసింది. ఆ నెలలోనే ఇక్కడ మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు.

ఏటా హనుమంతు విగ్రహానికి దండలు వేస్తున్నారు. వేయవలసిందే. కానీ ఆయన పోరాటాన్ని పన్ను తగ్గించమన్న గొడవగా మాత్రమే చెప్పడం సగం నిజం. అసలు తగాదా పుల్లరి ఎంత అన్నది కాదు. గుట్ట మీద గొడ్డు మేయాలా వద్దా అని తేల్చే అధికారం ఊరిదా, కచేరీదా అన్నది.

పంచాయతీ పేరుతో జరిగింది

తెల్లదొరలు కూడా "జనాన్ని కలుపుకుపోయే" ప్రయత్నం చేశారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. 1913లో మద్రాసు ప్రభుత్వం వేసిన అటవీ కమిటీ ఊళ్ళు తిరిగి జనం కష్టాలు విన్నది. ఊరి దగ్గరి అడవులను గ్రామాలకే అప్పజెబితే మంచిదని సిఫారసు చేసింది. ఆ తరువాత రాజధానిలో అటవీ పంచాయతీలు పుట్టాయి.

జరిగిందేమిటి? పంచాయతీ ప్రభుత్వానికి ఏటా కౌలు కట్టాలి. ఆ కౌలు కోసం మేపు రుసుము ఊరివాళ్ళ దగ్గర వసూలు చేయాలి. కాపలాదారును పెట్టుకొని జీతం ఇవ్వాలి. అంటే గార్డు చేసే పని ఊరికి వచ్చింది, గార్డు పొందే తిట్లు కూడా ఊరికే వచ్చాయి. పంచాయతీలో కూర్చున్నది ఊరి పెద్ద రైతులు. పెద్ద మంద ఉన్నవాడే సభ్యుడైతే, రెండు మేకలున్న కూలిది ఏం సాగుతుంది? పుల్లరి అడిగే చెయ్యి మారింది గాని పుల్లరి మారలేదు.

ఈ పాత కథ ఎందుకు చెబుతున్నానంటే, మన కాలంలో అదే నాటకం మళ్ళీ ఆడారు.

వనసంరక్షణ సమితుల అనుభవం

1990 జూన్ లో కేంద్రం రాష్ట్రాలకు ఒక ఉత్తర్వు పంపింది. పాడైన అడవులను ప్రజలతో కలిసి పెంచాలన్నది. 1992లో మన రాష్ట్రం జీవో ఇచ్చింది. ఊరూరా వనసంరక్షణ సమితులు వెలిశాయి. ప్రపంచబ్యాంకు అప్పుతో 1994లో ఒక పథకం, 2002లో ఇంకో పథకం నడిచాయి. ఇంటికి ఒక మగ, ఒక ఆడ సభ్యులన్నారు. ఫలసాయంలో వాటా అన్నారు.

మా ఊళ్ళో సమితి పెట్టిన రోజుల్లో నాకు ఇరవై ఏళ్ళు. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ అనవసరం. గుట్ట మీద కందకాలు తవ్వే పనికి మా అమ్మా నేనూ పోయాం. పని బాగానే దొరికింది, ఆ మాట దాచను. ఆ రెండు ఎండాకాలాలు మా వీధి జనం వలసపోలేదు. ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర మీటింగు అన్నారు. పోయేసరికి రిజిస్టరులో తీర్మానం రాసేసి ఉంది. "ఇక్కడ వేలు పెట్టమ్మా" అంటే మా అమ్మ పెట్టింది. అందులో ఏముందని నేను అడిగితే, "మీ మంచికే గదా అబ్బాయ్" అన్నారు. మరుసటి వారం తెలిసింది, మేం మేకలు మేపే వాలు అంతా మూసేసి కంచె వేస్తామని ఆ తీర్మానం. మా మేకల దారిని మా అమ్మ వేలిముద్రతోనే మూయించారు.

సమితి డబ్బు బ్యాంకులో ఉండేది. తీయాలంటే రెండు సంతకాలు కావాలి. ఒకటి అధ్యక్షుడిది, రెండోది ఉద్యోగిది. పథకం డబ్బు అయిపోగానే మీటింగులూ అయిపోయాయి. మేం నాటిన చెట్లలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, అది మంచిదే. కానీ వాటి ఫలసాయంలో వాటా సంగతి మా వీధిలో ఎవరూ ఎరగరు.

ఇందులో అందరూ దొంగలని నేననను. నిజంగా కష్టపడిన ఉద్యోగులను చూశాను. లోపం మనిషిలో కంటే ఏర్పాటులో ఉంది. సమితి పుట్టింది జీవోతో. జీవో ఇచ్చిన చెయ్యి దాన్ని తిరిగి తీసుకోగలదు. పని చేయించుకోవడానికి పిలిచారు, నిర్ణయించడానికి పిలవలేదు. వాటా ఇస్తామన్నారు, హక్కు ఉందని అనలేదు. ఇచ్చేవాడు చెయ్యి ముడిస్తే వాటా పోతుంది. హక్కయితే దాని కోసం నిలదీయవచ్చు.

చట్టంలో ఏముంది?

హక్కు అనే మాట పార్లమెంటు చేత అనిపించడానికి దేశమంతటా ఆదివాసులు, వామపక్షాలు, ప్రజాసంఘాలు పోరాడవలసి వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఇది పోడు భూమి పట్టాల చట్టమని మాత్రమే మనలో చాలామంది అనుకుంటున్నారు. అదొక భాగమే. ఈ చట్టంలో ఊరుమ్మడి హక్కులు కూడా ఉన్నాయి. మేపుకునే హక్కు ఉంది. కలప కాని అటవీ ఫలసాయాన్ని ఏరుకొని అమ్ముకునే హక్కు ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న ఉమ్మడి అడవిని రక్షించి, పెంచి, నిర్వహించుకునే హక్కు ఉంది. అయిదో సెక్షను ప్రకారం అడవిని, జంతువులను, నీటివనరులను, వాన నీరు దిగే పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభదే. ఇవాళ పెద్దలు ఇంగ్లీషులో చెబుతున్న "సేవల నిర్వహణ" ఇదే. ఈ అధికారం చట్టంలో ఎప్పుడో గ్రామసభకు రాసి ఇచ్చి ఉంది. కొత్తగా ఎవరూ మనకు దానం చేయనక్కరలేదు.

అభయారణ్యమైనా ఈ చట్టం వర్తిస్తుంది. హక్కుల పరిశీలన పూర్తికాకుండా ఎవరినీ ఖాళీ చేయించరాదని నాలుగో సెక్షను చెబుతుంది.

అయితే ఒక మెలిక ఉంది. చెంచులు, లంబాడీలు వంటి షెడ్యూల్డు తెగలవారైతే 2005 డిసెంబరు 13 నాటికి అడవి మీద ఆధారపడి ఉంటే చాలు. మిగతా కులాల పేదలు, దళితులు, గొల్లలు "ఇతర సాంప్రదాయక అటవీవాసులు" కింద వస్తారు. వీళ్ళు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, ఆ అడవి మీద ఆధారపడినట్టు చూపాలి. "మీ దగ్గర 1930 నాటి కాగితం ఉందా?" అని అడగ్గానే మనవాళ్ళు తలవంచుకొని వెనక్కు తిరుగుతున్నారు. కూలివాడి గుడిసెలో కాగితాలెక్కడివి?

పుల్లరే మన సాక్ష్యం

కాగితం మన గుడిసెలో లేకపోవచ్చు. సర్కారు బీరువాలో ఉంటుంది. ఈ చట్టం కింద వచ్చిన నియమాల్లో పదమూడో నియమం ఏయే సాక్ష్యాలు చెల్లుతాయో చెబుతుంది. గెజెటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్మెంటు నివేదికలు, పటాలు, అడవి రికార్డులు, కోర్టు రికార్డులు చెల్లుతాయి. ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకున్నా చెల్లుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. పుల్లరి వసూలు చేశారంటే అర్థమేమిటి? ఆ ఊరి గొడ్లు ఆ అడవిలో మేశాయని తెల్లదొర తన చేత్తో ఒప్పుకున్నట్టే గదా! 1921లో కేసులు పెట్టారంటే, ఫలానా ఊరివాళ్ళు ఫలానా గుట్ట మీద గొడ్లు తోలారని సర్కారే రాసుకున్నట్టు. 1930 దాకా అక్కరలేదు, అంతకు తొమ్మిదేళ్ళ ముందటి సాక్ష్యం ఇది. మన తాతలను శిక్షించడానికి రాసిన కాగితమే మన హక్కుకు రుజువు. హనుమంతు పోరాటం మన ఊళ్ళకు మిగిల్చిన ఆస్తి ఇదే. దీన్ని విగ్రహాల దగ్గర వదిలేసి రాకూడదు.

"మీరు అడవి లోపల కాపురం లేరు గదా" అని ఇంకో అడ్డం పెడతారు. లోపల ఇల్లు ఉండనక్కరలేదు, బతుకు దాని మీద ఆధారపడి ఉంటే చాలునని కేంద్ర గిరిజన మంత్రిత్వశాఖ 2008లోనే వివరణ ఇచ్చింది.

ఇప్పుడే ఎందుకు తొందర?

ఎందుకంటే అటువైపు వాళ్ళు తొందరలో ఉన్నారు. గనులకు, ప్రాజెక్టులకు అడవి ఇచ్చినప్పుడు వసూలు చేసే డబ్బు కోసం 2016లో చట్టం చేశారు. దీన్నే కాంపా నిధి అంటున్నారు. 2019లో రాష్ట్రాలకు 47 వేల కోట్ల రూపాయలకు పైగా పంచారు. ఈ డబ్బుతో మొక్కలు నాటాలి. ఎక్కడ నాటుతారు? గ్రామసభనో, వనసంరక్షణ సమితినో సంప్రదించమన్నారు. సంప్రదించడమంటే ఏమిటో మా అమ్మ వేలిముద్ర కథలో చూశాం.

2022లో అటవీ సంరక్షణ నియమాలు మార్చారు. అడవిని ఇతర పనులకు ఇచ్చే ముందు గ్రామసభ ఒప్పుకోలు సంగతి కేంద్రం చూడవలసిన పని లేకుండా రాష్ట్రం మీదికి నెట్టారు. 2023లో అసలు చట్టాన్నే సవరించారు. అదే ఏడాది అక్టోబరులో గ్రీన్ క్రెడిట్ పథకం తెచ్చారు. పాడైన అటవీ భూమిలో మొక్కలు పెంచడానికి కంపెనీ డబ్బు పెడితే దానికి క్రెడిట్లు వస్తాయి. ఏ గుట్టను "పాడైన అడవి" అని కాగితం మీద రాస్తారో, మనకు అదే మేకల బీడు, అదే పుల్లల చోటు. ఊరికి హక్కుపత్రం లేకపోతే అది ఖాళీ భూమి కిందే లెక్క.

హక్కు చేతిలో ఉంటే ఏమవుతుంది? మనకు ఉత్తరాన గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే గోండు ఊరు 2009లో ఉమ్మడి అడవి మీద హక్కుపత్రం సంపాదించింది. తమ వెదురును తామే అమ్ముకోవడానికి రవాణా పర్మిటు కోసం పట్టుబట్టింది. 2011లో కేంద్రమంత్రి స్వయంగా ఊరికి వచ్చి ఆ పర్మిటు పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టవలసి వచ్చింది. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైటు తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు అన్నది. పన్నెండు గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది. కలుపుకుపోవడం అంటే ఇది. వద్దు అనే అధికారం లేనివాణ్ణి పిలిచి అడగడం ఉత్త మర్యాద.

మనలో మన మాట

శత్రువు తప్పులే చెప్పి మన తప్పులు దాచుకుంటే సంఘం నిలవదు. పచ్చి చెట్టు నరికి మోపు కట్టినవాళ్ళు మనలోనూ ఉన్నారు. వేసవిలో గడ్డికి నిప్పు పెట్టిన కాపరులూ ఉన్నారు. పేదవాడి రెండు మేకల పేరు చెప్పి వందల మందను తోలే ఆసామి ఉన్నాడు. అతని మందను ఆపమంటే మన చేత గొడవ చేయిస్తాడు. చెంచు జాగాలోకి మైదానం వాళ్ళు చొరబడటం కూడా చూస్తున్నాం. హక్కు అడిగే ఊరు హద్దు కూడా పెట్టుకోవాలి. ఎన్ని జీవాలు, ఏ వాలు, ఏ నెల, ఏ చెట్టు ముట్టరాదు అన్నది ఊరే కూర్చొని రాసుకోవాలి. చెంచుల మాటకు ముందు చోటివ్వాలి. అడవి ఎరిగినవాళ్ళు వాళ్ళే.

"పులి కావాలా, నీళ్ళు కావాలా" అని మనల్ని విడదీసే మాట కూడా వింటున్నాం. వరికపూడిశెల ఎత్తిపోతల అడవి అనుమతుల దగ్గర ఏళ్ళ తరబడి ఆగింది. 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. మెట్ట రైతుకు, కూలికి ఆ నీళ్ళు కావాలి, అందులో అనుమానం లేదు. అడవి కూడా కావాలి, వానను పట్టి నిలిపేది అదే గనుక. రెండూ మనకు కావలసినవే. వీటి మధ్య ఎంత వదులుకోవాలో, ఎంత నిలుపుకోవాలో తేల్చే చోట మనం లేకపోవడమే అసలు తగాదా.

చేయవలసిన పనులు

ఒకటి. అడవి అంచున ఉన్న ప్రతి ఊళ్ళో గ్రామసభ పెట్టించి అటవీ హక్కుల కమిటీ వేయించాలి. పదిమందికి తగ్గకుండా, పదిహేనుకు మించకుండా ఉండాలి. మూడింట ఒక వంతు ఆడవాళ్ళు ఉండాలి. గిరిజనులున్న చోట మూడింట రెండు వంతులు వాళ్ళే. కూలి వీధి నుంచి మనిషి లేని కమిటీకి ఒప్పుకోవద్దు.

రెండు. గ్రామసభకు సగం మంది రాకపోతే అది చెల్లదు. వచ్చినవారిలో మూడో వంతు ఆడవాళ్ళు లేకపోయినా చెల్లదు. పనికి పోయే పొద్దున కాకుండా, అందరూ ఇంటికొచ్చాక సాయంత్రం పెట్టించాలి. తీర్మానం పైకి చదివి వినిపించాకే సంతకం, వేలిముద్ర.

మూడు. కార్యకర్తలు ఈ నెలలోనే ముసలివాళ్ళ దగ్గర కూర్చోవాలి. గొడ్ల దారులు, నీటి చెలమలు, గుట్టల పేర్లు, పుల్లరి నాటి సంగతులు రాసుకోవాలి. ముసలివాళ్ళు పోతే సాక్ష్యమూ పోతుంది. కలెక్టరాఫీసులో, ఆర్కైవ్స్ లో ఉన్న పాత రికార్డుల నకళ్ళ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి.

నాలుగు. ఏ నిధితో మొక్కలు నాటినా ముందు గ్రామసభ తీర్మానం, పనిలో కూలీలకు ముందు అవకాశం, పెరిగిన దాంట్లో ఊరికి హక్కు – ఈ మూడూ లేకుండా గుట్ట మీద గుంత తవ్వనివ్వరాదు.

1922లో హనుమంతు చేతిలో చట్టం లేదు. చట్టం ఎదుటివాడి చేతిలో ఉంది. ఇవాళ చట్టంలో ఒక పేజీ మన వైపు ఉంది. ఆ పేజీని ఊరి రచ్చబండ దగ్గర పైకి చదవడం మన పని. రేపు సాయంత్రం మీ వీధిలో ఎవరు చదువుతారో ఇవాళే మాట్లాడుకోండి.